అలలు చెప్పే సాక్ష్యం

సముద్రానికి ఎంతో దూరాన, గోదావరి ఒడ్డున ఉన్న లక్సెట్టిపేటలో కూర్చొని సునామీని గూర్చి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. ఈ ప్రాంతపు పెద్దలలో సముద్రాన్ని కన్నులారా చూడనివారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. జలభయమంటే మాకు గోదావరి భయమే. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు దాని గేట్ల శక్తికి మించిన వరద వచ్చిపడినప్పుడు, కట్ట నిలుస్తుందా నిలువదా అని దిగువ ఊళ్లన్నీ ఊపిరి బిగబట్టుకొన్న ఆ రాత్రి మాకు తెలిసిన భయానికి మేర. భూకంపమంటే 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 పరిమాణంతో పుట్టి, గోదావరి ఇరుదరుల పల్లెలలో కొన్ని క్షణాలపాటు మంచాలను, గిన్నెలను కదిలించిన ఆ అదురే. అయినా ఈ విషయాన్ని ఎత్తుకొనడానికి ఒక కారణం ఉన్నది.

2025 జూలై 30వ తేదీన, మనకు ఇంకా తెల్లవారకముందే, రష్యా తూర్పు కొసన ఉన్న కంచాట్కా తీరం దాపున మహాభూకంపం సంభవించింది. మొదట దాని పరిమాణం 8.0 అన్నారు. కొంతసేపటికి 8.7 అన్నారు. చివరకు 8.8 వద్ద నిలిపారు. జపాను, హవాయి, అమెరికా పడమటి తీరం మొదలైన చోట్ల ప్రజలను ఎత్తు ప్రదేశాలకు తరలించారు. భూకంపానికి దాపున ఉన్న కురిల్ దీవులలో అలలు మనుష్యుని నిలువును మించి వచ్చినా, దూరదేశాల తీరాలలో చాలా చోట్ల అనుకొన్నంత ఉపద్రవం జరుగలేదు. మరునాడు తరగతిలో ఒక విద్యార్థి లేచి, “సార్, ముందుగాల ఎనిమిదన్నరు, ఎనకసిరి ఎనిమిది పాయింట్ ఏడన్నరు, మల్ల ఎనిమిది పాయింట్ ఎనిమిదన్నరు. గిండ్ల ఏది నిజం?” అని అడిగాడు. వాని ప్రక్కనున్నవాడు, “ఏదీ నిజం కాదురా, ఊకెనే బెదిరిచ్చిన్రు” అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కాని ఇంటికి వచ్చిన తరువాత ఆ ప్రశ్న నన్ను విడువలేదు. చెప్పిన మాటను మార్చినవాడు అబద్ధమాడినవాడేనా? తెలియనిదాన్ని తెలియదని చెప్పడం తప్పా? ఈ వ్యాసం ఆ పిల్లవానికి నేను చెప్పవలసిన సమాధానం.

భూకంపం పుట్టే చోటును చూచినవారు లేరు. సముద్రపు అడుగుకు దిగువన, పదుల కిలోమీటర్ల లోతువరకు, రెండు భూఫలకాలు ఒరసికొనే చోట అది పుట్టుతుంది. మనకు అందేవి దాని కార్యాలు మాత్రమే: నేలలో ప్రాకే కంపం, నీటిలో ప్రాకే తరంగం. కార్యాన్ని చూచి కారణాన్ని గ్రహించడాన్ని మన తార్కికులు అనుమాన ప్రమాణమన్నారు. కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పున్నదని తెలుసుకొనడం ఆ శాస్త్రంలో మొదటి పాఠం. కాని పొగ నిప్పున్నదని చెప్పినంత స్పష్టంగా, అక్కడ కాలుతున్నది మోదుగ కట్టెయా, టేకు మొద్దా, ఎన్ని మోపులు అన్న సంగతిని చెప్పదు. సునామీ తరంగాన్ని చూచి భూకంపాన్ని నిర్ణయించే శాస్త్రజ్ఞుని కష్టమంతా ఈ రెండవ ప్రశ్నలోనే ఉన్నది.

ఆ పని జరిగే తీరును కొంచెం చూద్దాం. సముద్రగర్భంలో భ్రంశం చీలి, ఒక ఫలకం మరొకదానిమీదికి జారినప్పుడు సముద్రపు అడుగు కొంత మేర పైకి లేస్తుంది, కొంత మేర క్రుంగుతుంది. పైనున్న నీరంతా ఆ రూపాన్నే పొంది, తిరిగి సమం కావడానికి నలుదిక్కులకు పరుగెత్తుతుంది. ఆ పరుగు వేగం నీటి లోతునుబట్టి ఉంటుంది. నాలుగు కిలోమీటర్ల లోతున అది గంటకు 700 కిలోమీటర్లకు పైగా పోతుంది. పది మీటర్ల లోతుకు వచ్చేసరికి 36 కిలోమీటర్లకు తగ్గుతుంది. సముద్రపు లోతులు మనకు చాలవరకు తెలుసును గనుక, విశాఖపట్నంలో అల ఏ నిమిషాన వచ్చిందో తెలిస్తే, అక్కడినుండి వెనుకకు లెక్కించి, అది ఏ గీతపై ఎక్కడో పుట్టి ఉండాలని చెప్పవచ్చు. మరొక రేవులో వచ్చిన వేళ మరొక గీతను ఇస్తుంది. ఇట్లు పలు రేవుల గీతలను కలుపగా, సముద్రంలో అల పుట్టిన ప్రదేశానికి ఒక ఎల్ల ఏర్పడుతుంది. ఇది వేళలు చెప్పే సాక్ష్యం.

ఇక ఎత్తులు చెప్పే సాక్ష్యం వేరొకటి. శాస్త్రజ్ఞులు భ్రంశాన్ని చిన్నచిన్న ముక్కలుగా ఊహించి, ఒక్కొక్క ముక్క ఒక మీటరు జారితే ఏ రేవులో ఎంత అల లేవాలో ముందుగా గణిస్తారు. తరువాత నిజంగా నమోదైన అలకు సరిపడేటట్లు ఏ ముక్కను ఎంత జార్చవలెనో లెక్క కట్టుతారు. వినడానికి ఇది సులభమే. కాని ఇక్కడే చిక్కు వస్తుంది. కొద్ది మేర చాలా జారినా, చాలా మేర కొద్దిగా జారినా, దూరపు రేవులో అల ఇంచుమించు ఒకటే కావచ్చు. సునామీ తరంగం వందల కిలోమీటర్ల పొడవు గలది. పుట్టినచోటి సూక్ష్మభేదాలు దూరం పోయినకొద్దీ దానిలో మాసిపోతాయి. మా గోదావరి గట్టుమీది ముసలివారు నీటి రంగును, పెరిగిన తీరును చూచి ఎగువన ఏ దిక్కున వాన పడ్డదో చెప్పగలరు. కాని ఒక వాగు పరీవాహకంలో కుండపోత పడ్డదా, నాలుగు వాగుల మీద మోస్తరు వాన పడ్డదా అని అడిగితే తల గోకికొంటారు. నీరు ఒక్కటే, దానికి మూలమైన వాన పలురకాలుగా ఉండవచ్చు.

ఈ విద్యకు మన తెలుగు తీరంతో చాలా పాత సంబంధం ఉన్నది. 1881 డిసెంబరు 31వ తేదీన నికోబారు దీవుల వద్ద భూకంపం వచ్చింది. అప్పటికి కొద్ది కాలం ముందే భారత సర్వే శాఖవారు విశాఖపట్నం మొదలైన రేవులలో ఆటుపోటుల మాపకాలను నెలకొల్పి ఉన్నారు. తిరిగే కాగితంమీద సముద్రపు నీటిమట్టాన్ని గీచే యంత్రాలవి. ఆనాడు బంగాళాఖాతం చుట్టునున్న ఎనిమిది మాపకాలు ఆ సునామీని గీచిపెట్టాయి. గరిష్ఠపు అల ఎత్తు 0.8 మీటరు మాత్రమే. జనం దాన్ని గమనించి ఉండరు కూడా. ఆ గీతలు నూటయిరువది సంవత్సరాలకు పైగా పడి ఉండగా, 2003లో ఓర్టిజ్, బిల్హాం అనే ఇద్దరు పరిశోధకులు వాటిని తిరిగి చదివారు. భూకంపమాపక యంత్రాలు లేని కాలపు భూకంపానికి, అలల సాక్ష్యంతోనే పరిమాణం కట్టారు: 7.9. దానిప్రక్కనే ఒక చిన్న మాట చేర్చారు: ఇటు అటు 0.1. అనగా 7.8కు, 8.0కు నడుమ. మాపకంవద్ద కూర్చొని, వేళకు కాగితం మార్చి, గడియారం సరిచూచిన ఆ పేరులేని ఉద్యోగి తన పనికి ఇట్టి ప్రయోజనం ఉన్నదని కలలోనైనా తలచి ఉండడు.

ఆ పరిశోధన ప్రకటితమైన మరుసటి సంవత్సరమే, 2004 డిసెంబరు 26న, అదే ఫలకాల అంచు సుమత్రానుండి అండమాను వరకు 1200 కిలోమీటర్లకు పైగా చీలింది. ఆ రోజు ఆదివారం, పౌర్ణమి. భూకంపం మనవేళ ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు. మన తూర్పు తీరానికి అల చేరింది తొమ్మిది గంటల ప్రాంతంలో. నడుమ రెండున్నర గంటల వ్యవధి ఉన్నది. హెచ్చరించే వ్యవస్థ హిందూ మహాసముద్రానికి లేదు. పసిఫిక్ మహాసముద్రపు హెచ్చరిక కేంద్రంవారు మొదటి పదిహేను నిమిషాలలో కట్టిన పరిమాణం 8.0, ఒక గంటకు దాన్ని 8.5కు పెంచారు. తరువాతి రోజులలో 9.0 అయింది, ఇప్పుడు 9.1 అనేవారు, 9.3 అనేవారు కూడా ఉన్నారు. ఈ అంకెల నడుమ భేదం చిన్నదిగా కనిపించవచ్చు. కాని ఈ కొలతలో ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు ముప్పది రెండు రెట్లవుతుంది. 8.0కు, 9.1కి నడుమ నలుబది రెట్లకు మించిన తేడా ఉన్నది. ఆంధ్ర తీరంలో నూరుమందికి పైగా, హిందూ మహాసముద్రం చుట్టూ రెండు లక్షలకు పైగా జనం ఆ దినాన మరణించారు.

తొలి అంచనా అంత తక్కువ కావడానికి కారణం అశ్రద్ధ కాదు. చీలిక పూర్తి కావడానికే ఎనిమిది పది నిమిషాలు పట్టింది. తొందరగా అందే కంపనాలు ఇంతటి మహాభూకంపాల పూర్తి పరిమాణాన్ని చెప్పలేవు. ఒక హద్దు దాటిన తరువాత అవి పెరుగవు. అందులోను ఉత్తరభాగాన భ్రంశం మెల్లగా జారిందని తరువాత తెలిసింది. మెల్లగా జారిన భాగం నేలను ఎక్కువగా అదరించదు. నీటిని మాత్రం లేపుతుంది. కాబట్టి నేల దాచిన సంగతిని నీరు బయటపెట్టింది. భూకంపం వచ్చిన సుమారు రెండు గంటలకు బంగాళాఖాతంమీదుగా పోయిన జేసన్ ఉపగ్రహం, నడిసముద్రంలో అల ఎత్తు రమారమి అరువది సెంటీమీటర్లని కొలిచింది. 2005లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు మన తీరపు మాపకాల లేఖలను చేర్చి గణించి, సునామీని పుట్టించిన ప్రదేశం అంతకుముందు అనుకొన్నదానికంటె పొడవైనదని చూపారు. మన తీరపు సాక్షులను విచారించకుండా వ్రాసిన తీర్పు, వారిని విచారించిన తరువాత మారిందన్నమాట.

కంచాట్కాలోను ఇట్లే జరిగింది. 2025లో సముద్రపు అడుగున ఉంచిన పీడన మాపకాల లేఖలను చదివినవారు, చీలిక పొడవు 300 కిలోమీటర్లన్న అంచనా చాలదనీ, అది 400 కిలోమీటర్ల వరకు ఉండాలనీ తేల్చారు. అమెరికా, ఫ్రాన్సు దేశాల ఉమ్మడి ఉపగ్రహం స్వాట్ ఆ అలను నడిసముద్రంలో ఒక పటంగా చిత్రించింది. మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడ ఉన్నది. 8.0 అన్నది అబద్ధం కాదు. మొదటి నిమిషాలలో దొరికిన సాక్ష్యానికి అంతే సత్యం. సాక్ష్యం పెరిగినప్పుడు తీర్పును మార్చనివాడే అసత్యవాది.

సాహిత్య విద్యార్థులకు ఇది క్రొత్త సంగతి కారాదు. పలు తాళపత్ర ప్రతులను ముందు వేసుకొని కవి వ్రాసిన మూలపాఠాన్ని వెదకే పరిష్కర్త చేసే పని ఇదే. ప్రతి లేఖకుడు కొంత చెరుపుతాడు. ప్రతులు ఎక్కువైనకొద్దీ మూలానికి దగ్గరవుతాము. కాని ఒకే మాతృకనుండి దిగిన పది ప్రతులు పది సాక్ష్యాలు కావు, ఒక్కటే సాక్ష్యం. సముద్రశాస్త్రంలోను అంతే: ఒకే దిక్కునున్న పది రేవుల లేఖలకంటె, నాలుగు దిక్కులనున్న నాలుగు లేఖలు మేలు. రేవు తన ఆకారాన్నిబట్టి అలను పెంచుతుంది, త్రుంచుతుంది, గడియారం తప్పుతుంది, మాపకం ఎగిరిపోతుంది. ఇవన్నీ లేఖక ప్రమాదాలే. కాలనిర్ణయంలోను మనకు ఈ అనుభవం ఉన్నది. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో కుమారసంభవాన్ని ప్రకటించి, నన్నెచోడుడు నన్నయకు పూర్వుడని నిర్ణయించారు. తరువాతి విమర్శకులు అనేకులు ఆయనను 12వ శతాబ్దికి దించారు. అందువలన మానవల్లివారి కృషికి గౌరవం తగ్గలేదు. తగ్గవలసింది, ఒక్క ఆధారంతో తుదిమాట చెప్పవచ్చునన్న ధీమా.

వ్రాతప్రతులే భూకంపాన్ని పట్టి ఇచ్చిన ఉదంతం కూడా ఒకటున్నది. 1700 జనవరి చివర జపాను తీరపు పల్లెలలో భూమి అదరకుండానే అల వచ్చి ఇండ్లను, పొలాలను ముంచినట్లు ఆనాటి గ్రామాధికారులు, వర్తకులు దస్తరాలలో వ్రాసుకొన్నారు. తల్లిలేని ఆ అలకు తల్లిని 1996లో సతాకే మొదలైన శాస్త్రజ్ఞులు పసిఫిక్ ఆవలి ఒడ్డున, ఉత్తర అమెరికా తీరంలో కనుగొన్నారు. జపాను దస్తరాల వేళలనుండి వెనుకకు లెక్కించగా, ఆ భూకంపం 1700 జనవరి 26 రాత్రి వచ్చిందని తేలింది. అమెరికా తీరపు చచ్చిన దేవదారు మ్రాకుల వలయాలు కూడా ఆ కాలాన్నే చెప్పాయి. తరువాతి గణన దాని పరిమాణాన్ని 8.7కు, 9.2కు నడుమ ఉంచింది. తారీఖు ఇంత కచ్చితం, పరిమాణం ఇంత వెడల్పు. ఒకే సాక్ష్యం ఒక ప్రశ్నకు స్పష్టంగాను, మరొక ప్రశ్నకు అస్పష్టంగాను బదులు చెప్పగలదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. అజ్ఞానం వేరు, అనిశ్చయం వేరు. ఏమీ తెలియకపోవడం అజ్ఞానం. ఎంతవరకు తెలుసునో, ఎక్కడినుండి తెలియదో హద్దు గీచి చెప్పగలగడం అనిశ్చయం. అది జ్ఞానంలో ఒక భాగం. 7.9 అని ఊరకొనడంకంటె, ఇటు అటు 0.1 అని చేర్చడం ఎక్కువ తెలిసినవాడు చేసే పని. అందుచేతనే నేటి గణకులు ఒక్క జవాబుతో తృప్తిపడక, నమోదైన అలకు సరిపడే భూకంపాలన్నిటిని వేలకొద్దీ కల్పించి, వాటిలో ఏది ఎంత సంభావ్యమో చెప్పుతారు. అయితే ఈ హద్దుకు కూడా ఒక హద్దున్నది. 1881 నాటి భూకంపానికి కట్టిన లెక్క ఆ భూకంపాన్ని గూర్చి మాత్రమే. ఆ భ్రంశం ఒకనాడు 7.9 ఇచ్చింది గనుక అంతకుమించి ఇవ్వలేదని ఎవరైనా నమ్మి ఉంటే, 2004 ఆ నమ్మకాన్ని ముంచివేసింది. గడచినదాన్ని కొలవడంలోని అనిశ్చయం చిన్నదైనా, రానున్నదాన్ని ఊహించడంలోని అనిశ్చయం పెద్దదే.

ప్రాణాలమీదికి వచ్చే ప్రశ్న ఇప్పుడు వస్తుంది. తెలిసీ తెలియని ఈ సంగతిని ప్రజలకు ఎట్లు చెప్పాలి? 2011 మార్చి 11న జపాను వాతావరణ శాఖ, భూకంపం వచ్చిన మూడు నిమిషాలకే హెచ్చరిక ఇచ్చింది. అప్పటి అంచనా పరిమాణం 7.9, అసలు పరిమాణం 9.0. ఇవాతె తీరానికి అల మూడు మీటర్లని, మియాగి తీరానికి ఆరు మీటర్లని మొదట చెప్పారు. సముద్రంలోని తేలుడు మాపకాలు అలను చూచిన తరువాత, సుమారు అరగంటకు, అంకెలు పెంచారు. కాని అప్పటికి విద్యుత్తు పోయినచోట్ల ఆ రెండవ మాట అందలేదు. మా గోడ ఎత్తు అంతకంటె ఎక్కువేనని మొదటి అంకెను నమ్మి నిలిచినవారున్నారు. ఈ గుణపాఠంతో 2013నుండి జపానువారు ఒక మార్పు చేశారు. 8ని మించిన భూకంపమని తోచినప్పుడు తొలి హెచ్చరికలో మీటర్లు చెప్పరు. అల బ్రహ్మాండమైనది, పారిపొండు అని మాత్రమే చెప్పుతారు. నమ్మదగని అంకెకంటె నమ్మదగిన మాట మేలని యంత్రవిద్యలో అగ్రగణ్యమైన దేశం ఒప్పుకొన్నది. భాషాబోధకునిగా నాకు ఇది మరువరాని విషయం.

దీనికి ఎదురు ఉదాహరణ మన సముద్రంలోనే ఉన్నది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా పడమట 8.6 పరిమాణంతో భూకంపం వచ్చింది. మన తూర్పు తీరంలో జనాన్ని అప్రమత్తులను చేశారు. వచ్చిన అల స్వల్పం. ఆ భూకంపంలో ఫలకాలు ప్రక్కప్రక్కగా ఒరసికొన్నవే గాని, సముద్రపు అడుగు అంతగా పైకి లేవలేదు. పరిమాణం మొదటే తెలిసినా, జారిన తీరు తెలియడానికి కొంత వ్యవధి పట్టుతుంది; అల మాపకాలను దాటితేగాని పూర్తి నిశ్చయం రాదు. ఆ నడిమి నిమిషాలలో జనాన్ని కదిలించాలా వద్దా? కదిలించి అల రాకపోతే ఒక పూట పని చెడుతుంది. కదిలించక అల వస్తే ఊరు చెడుతుంది. ఈ రెండు నష్టాలు సమానం కానప్పుడు, సందేహం ఉన్నది గనుక ఊరకుందామనడం వివేకం కాదు. సందేహం ఉన్నది గనుకనే ముందుగా కదలాలి. “ఊకెనే బెదిరిచ్చిన్రు” అన్న పిల్లవానికి ఇది నా రెండవ సమాధానం. కడెం కట్ట నిలిచిన మరునాడు మా ప్రాంతంలో ఎవరూ, ఊళ్లు ఖాళీ చేయించినవారిని తప్పు పట్టలేదు గదా!

హిందూ మహాసముద్రానికి కావలి కాసే కేంద్రం నేడు సముద్రంలేని మన హైదరాబాదులోనే, ప్రగతినగర్‌లో ఉన్నది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో 2007 అక్టోబరునుండి పనిచేస్తున్న ఆ సునామీ హెచ్చరిక విభాగం, ఆస్ట్రేలియా, ఇండొనేషియా కేంద్రాలతోపాటు ఈ సముద్రపు దేశాలకు సమాచారం పంపుతున్నది. కంచాట్కా భూకంపం నాడు భారతదేశానికి ప్రమాదం లేదని చెప్పింది కూడా ఆ కేంద్రమే. లేదని చెప్పడానికి కూడా ఆధారం కావాలి. ఆ ఆధారం సముద్రంలోని మాపకాలు, వాటిని పనిచేయించే జనం. తుపాను లేని సంవత్సరంలో, సునామీ రాని దశాబ్దంలో, ఈ మాపకాలపై పెట్టే ఖర్చు వృథా అని తోచడం సహజం. 1881 నాటి కాగితాలను వృథా అని పారవేసి ఉంటే 2003లో చదువడానికి ఏమి మిగిలేది?

ఇంకొక బాధ్యత మా వంటి భాషోపాధ్యాయులది. సంభావ్యత, అనిశ్చయం, పరిమితి అనే మాటలు పరీక్ష పుస్తకాలలోనే ఉండిపోతే, హెచ్చరిక వచ్చిన రాత్రి జాలరిపల్లెలో అవి ఎవరికీ పనికిరావు. రావచ్చు అన్న మాటకు, రాక తప్పదు అన్న మాటకు, రాదు అన్న మాటకు మధ్య భేదాన్ని తెలుగు చక్కగా చెప్పగలదు. ఆ భేదాన్ని వినే చెవిని మనం పిల్లలలో పెంచాలి. తరువాతి తరగతిలో ఆ విద్యార్థిని లేపి ఇదంతా చెప్పాను. వాడు కొంతసేపు ఆలోచించి, “అయితే సార్, ఇప్పుడన్న ఎనిమిది పాయింట్ ఎనిమిది కూడ మారొచ్చునా?” అని అడిగాడు. మారవచ్చునన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.